నుత్సా నవ్వు

మొదటిసారి విన్నప్పుడు మురిసిపోయాం.
ఉయ్యాల్లో పిల్ల, వేళ కాని వేళ,
ఎవరూ పలకరించకుండానే కిలకిలా.
దేవదూతలు ఆడిస్తున్నారంది మా అత్త మక్వాల.
గుడికెళ్లి కొవ్వొత్తి కూడా వెలిగించొచ్చింది.

ఇప్పుడు నాలుగేళ్లు.
రోజుకు ఇరవైసార్లు.
చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోతుంది,
కళ్లు ఎడమకి జారతాయి,
నవ్వు మాత్రం సాగుతుంది,
తాళం వేసిన ఇంట్లో మోగే టెలిఫోన్‌లా.

నేను లెక్కపెడతాను.
కుతాయిసిలో పద్నాలుగేళ్లుగా రొట్టెలు కాలుస్తున్నదాన్ని,
మట్టిపొయ్యి గోడకి పిండి చరిచాక
ఎన్ని ఊపిర్లకు ఊడొస్తుందో గడియారాన్ని అడగను.
పదకొండు. పద్నాలుగు. ఒక రాత్రి నలభై.
అయిపోయాక ఏడుస్తుంది.
ఎందుకమ్మా అంటే
"నేను నవ్వలేదు" అంటుంది.

తిబ్లిసీలో డాక్టరు లమారా
తెరమీద బూడిదరంగు మబ్బులో
సెనగగింజంత చుక్క చూపించింది.
క్యాన్సర్ కాదు. పాకదు.
ఎక్కడినుంచో వచ్చింది కూడా కాదు,
మెదడే, చోటు తప్పి పుట్టింది.
"నిరపాయం" అని రాసుకున్నాడు జాజా
తన వ్యాను టికెట్ల వెనక.
నిరపాయమైతే ఇంటికి పోదామా
అని కూడా అడిగాడు పాపం.

పోలేదు.
ఆకలీ దాహం నిద్రా ఒంటివేడీ
కాపురముండే గదికి
గడపలో అడ్డంగా కూర్చుందట ఇది.
మూడు రకాల మాత్రలు వాడాం అప్పటికే,
మత్తు పెరిగింది, నవ్వు తగ్గలేదు.

పుర్రె తెరిచి తియ్యొచ్చు. దారిలో చూపు నరాలున్నాయి,
జ్ఞాపకం ఉంది.
ఎంత జ్ఞాపకం అన్నాను.
ముందే చెప్పలేనంది.
ఇస్తాంబుల్‌లో కిరణాలు పెడతారు. కోత లేదు, నెత్తురు లేదు,
గుణం కనిపించేది ఏడాదికో రెండేళ్లకో,
అందాకా రోజుకి ఇరవై చొప్పున లెక్క నాదే.
జర్మనీలో లేజరు. పెన్సిలు పట్టేంత రంధ్రం,
సన్నటి తీగ, తీగ కొసన వేడి,
గింజని ఉన్నచోటే కాల్చి వదిలేస్తారు.

కాల్చడం అనగానే నా చెవి నిలబడింది.
ఎంత వేడి? ఎంతసేపు?
పక్కగోడ మాడకుండా ఎవరు చూస్తారు?
అన్నీ అడిగాను.
లమారా కళ్లద్దాలు తీసి నాకేసి చూసి
అన్నిటికీ జవాబు చెప్పింది.
ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైన మాటలు అవే.

ఏమీ చెయ్యకుండా కనిపెట్టుకుని ఉండటం కూడా
ఒక దారేనంది, లేచి నిలబడ్డాక.

నవ్వు నాలుగు విధాల చేటని ఎవరన్నారో గాని
నాలుగు దారులూ ఒళ్లో పెట్టుకుని తిరిగొస్తుంటే
రికోతి సొరంగంలో నుత్సా నవ్వింది.
వ్యానులో అందరి ముఖాలూ విచ్చుకున్నాయి.
ఎంత హుషారు పిల్లో అని
ఒక ముసలాయన అక్రోటు కాయ పెట్టబోయాడు.
ఆ చెయ్యి తెరుచుకోలేదు, కాయ సీట్ల కింద దొర్లింది.
జాజా అద్దంలోంచి చూశాడు, బండి ఆపలేదు.
సొరంగం దాటాక అన్నాడు:
"ఇది అమ్మితే జర్మనీకి సగం వస్తుంది."

మిగతా సగం ఇచ్చినవాళ్ల పేర్లు
మా ఫ్రిజ్ తలుపు మీద ఉన్నాయి.

ఇది నవంబరు.
జుట్టులో రబ్బరుముక్కంత బోడి మచ్చ.
రాత్రుళ్లు లేచి నాలుగేసి గ్లాసుల నీళ్లు తాగుతోంది,
సర్దుకోవచ్చన్నారు, సర్దుకోకపోనూవచ్చన్నారు.
ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.
మక్వాల ఆ నిశ్శబ్దాన్ని నమ్మక
పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

నిన్న జాజా,
ఇప్పుడు నా దగ్గరే బస్తాలు మోస్తున్నాడు,
పిండి బస్తా దించి గట్టిగా తుమ్మాడు.
తెల్లటి పొగలో మనిషి మాయమై
మీసాలొక్కటే తిరిగొచ్చాయి.
నుత్సా నవ్వింది.

జాజా కదల్లేదు.
నా పెదాలు వాటంతటవే, ఒకటి, రెండు, మూడు,
కళ్లు ఎడమకి జారలేదు,
నాలుగు, మీసాల మీదే ఉన్నాయి,
ఐదు.

ఊపిరి తీసుకుని నావైపు తిరిగింది.
"అమ్మా, ఏం లెక్కపెడుతున్నావ్?"

రొట్టెలు, అన్నాను.